మీటరు మాట పక్కన పెట్టు

విజయవాడ

చి. శ్రీనుకు,

పాత మారుతి డీజిల్ బండి కొన్నానని నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. రంగు బాగుంది, సీటు కవర్లు కొత్తవి, డాష్‌బోర్డు మీద వినాయకుడు కూడా ఉన్నాడు. బానెట్ ఎత్తి ఫోటో తీయరా అంటే మాత్రం కడిగి పాలిష్ కొట్టిన ఇంజన్ చూపించావు. పదేళ్ళు దాటిన డీజిల్ ఇంజన్ అలా తళతళలాడితే మా ఆటోనగర్‌లో మెచ్చుకునేవాడు ఉండడు. లీకేజీ కనపడకూడదనే కడిగారని అనుకుంటాం. అందుకని ఒక నెలపాటు బానెట్ కింద నీళ్ళు కొట్టించకు. ఆయిల్ ఎక్కడ చెమ్మగిల్లుతోందో, కూలెంట్ ఎక్కడ చార కడుతోందో బయటపడనీ. రాత్రి బండి నిలిపే చోట ఒక పాత అట్ట పరిచి ఉంచు. పొద్దున దాని మీద నల్లటి చుక్క ఉంటే ఇంజన్ ఆయిల్, రంగుగా జిగటగా ఉంటే కూలెంట్, ఏ రంగూ జిగటా లేకపోతే ఏసీ నీళ్ళు.

మీటరు మీద ఉన్న 1,38,000 నిజమేనా అని అడిగావు. అది నీకు అమ్మినాయనకు కూడా తెలిసి ఉండకపోవచ్చు. ఆయన మూడో ఓనరు. మీటరు వెనక్కి తిప్పడం ఈ రోజుల్లో అరగంట పని. బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ మీద తోలు, డ్రైవరు సీటు కుడి అంచు, ఈ మూడూ అరిగిన తీరు చూడు. అరవై వేలు తిరిగిన బండికి పెడల్ నున్నగా అరగదు. అరిగిన బండిలో పెడల్ రబ్బరు మాత్రమే కొత్తగా ఉంటే అదింకా అనుమానం. టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. కిటికీ అద్దాలన్నిటి మీదా ఒకే కంపెనీ ముద్ర ఉండాలి. ఒకటి వేరేది ఉంటే ఆ వైపు ఎప్పుడో దెబ్బ తగిలిందన్నమాట.

ఒకసారి ఏదైనా మారుతి అధీకృత వర్క్‌షాపుకు వెళ్ళి, ఆర్‌సీ చూపించి, పాత సర్వీసుల చిట్టా అడుగు. వాళ్ళ దగ్గర చేయించినవి కంప్యూటర్‌లో తేదీతో, రీడింగుతో సహా ఉంటాయి. నాలుగైదేళ్ళ క్రితమే లక్షన్నర నమోదై ఉంటే మీటరు సంగతి తేలిపోతుంది. వారంటీ అయిపోయాక ఎంట్రీలు ఆగిపోతే బయట మేస్త్రీ దగ్గర చేయించారని అనుకోవాలి. అది తప్పేం కాదు, మా అన్నం కూడా అక్కడి నుంచే వచ్చింది. పనిలో పనిగా ఛాసిస్ నంబరు ఇచ్చి రీకాల్ పెండింగ్ ఉందేమో చూడమను. 2014 ఏప్రిల్‌లో మారుతి లక్షకు పైగా స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా బండ్లను ఇంధనం పోసే గొట్టం మార్చడానికి వెనక్కి పిలిచింది. నీది ఆ బ్యాచ్‌ది అయి ఉండొచ్చు, కాకపోవచ్చు. రీకాల్ పనికి డబ్బు తీసుకోరు.

ఇంకొకటి కూడా చూడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లు అద్దాల దాకా నీళ్ళలో ఉన్నాయో మేం కళ్ళారా చూశాం. అవన్నీ తుక్కుకు పోలేదు. ఎండబెట్టి, సీట్లు ఉతికి, రంగేసి ఊళ్ళు దాటించినవీ ఉన్నాయి. నీ బండి సీటు బెల్టు చివరిదాకా లాగు. మధ్యలో మట్టి గీత ఉందా? స్టెపినీ టైరు తీసి గుంటలో చెయ్యి పెట్టు. సీట్ల కింద పట్టాల బోల్టులు, కార్పెట్ కింద వైర్ల సాకెట్లు చూడు. సాకెట్లలో పచ్చటి చిలుము కనపడితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి. ఎందుకంటే ఆ బండికి నేను రాసేదంతా పనికిరాదు, వేరే లెక్క.

అదేమీ లేదనుకుందాం. అప్పుడు నువ్వు చేయాల్సింది ఏమిటంటే, ఈ బండికి ఇంతవరకూ ఏ సర్వీసూ జరగలేదనే లెక్కతో మొదలుపెట్టు. "ఆయిల్ మొన్నే మార్చాం సార్" అన్న మాటకు బిల్లు లేకపోతే ఆ మాట లేనట్టే. అలాగని బండిని ఒక్కసారే మేస్త్రీకి అప్పజెప్పి అన్నీ మార్చేయమనకు. అన్ని పనులూ ఒకే రోజు చేయిస్తే, మర్నాడు కొత్త శబ్దం వచ్చినప్పుడు అది ఏ పని వల్ల వచ్చిందో నీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఒక పని, నాలుగు వందల కిలోమీటర్లు, మళ్ళీ ఒక పని. ఈ పద్ధతి నీకు విసుగనిపిస్తుంది, తెలుసు.

మొదటి డబ్బు ఆగడానికి పెట్టు, పరిగెత్తడానికి కాదు. నాలుగు చక్రాలూ విప్పించి ముందు డిస్కులు, ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లో లైనింగు చూడు. వీల్ సిలిండర్ల దగ్గర తడి ఉంటే అక్కడే ఆపేయ్. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తెలియదు కాబట్టి పూర్తిగా మార్పించు. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తొందరగా మరుగుతుంది, మరిగితే బుడగలు, బుడగలంటే పెడల్ మెత్తగా కిందికి దిగిపోవడం. ఇది కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో నీకు ఎప్పటికీ తెలియదు. తిరుమల నుంచి మొదటి ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు, వెనక సీట్లో అమ్మా నాన్నా ఉన్నప్పుడు తెలుస్తుంది. ఘాట్‌లో రెండో గేరులో దిగు, బ్రేకు మీద కాలు వేలాడేయకు. టైర్ల గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకన్నా తగ్గితే చట్టప్రకారం చెల్లదు. గాడి ఎంతున్నా ఆరేళ్ళు దాటిన టైరు నాకైతే నచ్చదు. పక్క గోడల్లో సన్న పగుళ్ళుంటే అసలే వద్దు.

ఇక ఇంజన్. నీ బండిలో ఉన్నది ఫియట్ వాళ్ళ 1248 సీసీ మల్టీజెట్. మారుతి దాన్నే డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. 2020లో బీఎస్-6 వచ్చినప్పుడు మారుతి డీజిల్ మానేసింది గానీ, ఈ ఇంజన్ ఎరగని మేస్త్రీ మన రెండు రాష్ట్రాల్లో ఉండడు, సామానుకూ కొదవ లేదు. అది నీ అదృష్టం. దీనికి టైమింగ్ బెల్టు కాదు, చైను. చైను అంటే జీవితాంతం ఉంటుందని చెప్పేవాళ్ళ మాట సగమే నిజం. ఆ చైనును బిగుతుగా పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. ఆయిల్ మడ్డి అయితే టెన్షనర్ పట్టు తప్పుతుంది, చైను సాగుతుంది, ఒక పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అక్కడితో ఇంజన్ డౌనే. కాబట్టి ఈ బండికి ఆయిలే చైను ఆయుష్షు. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు బానెట్ తెరిచి ఉంచి, ఇంజన్‌కు చైను ఉన్న వైపు నిలబడి విను. గొలుసు దులిపినట్టు గలగల వచ్చి రెండు క్షణాల్లో ఆగిపోతే ఆయిల్ మార్చి మళ్ళీ చూద్దాం. ఆగకుండా వస్తుంటే చైను, టెన్షనర్, గైడ్లు, పళ్ళచక్రాలు మొత్తం కిట్‌గా వేయించాలి. చైను ఒక్కటే వేస్తాననే మేస్త్రీ దగ్గర పని పెట్టకు.

(మీ బాబాయి డీజిల్ డస్టర్ కొంటానంటున్నాడట. అతనికి ఈ మాట చేరవెయ్యి: దానిలో ఉన్నది బెల్టు. రికార్డు లేని బెల్టు బండి కొంటే ఇంటికి తెచ్చిన వారంలోనే బెల్టు మార్చాలి. శబ్దం కోసం ఎదురుచూడటానికి లేదు, బెల్టు చెప్పి తెగదు.)

ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించు. "పాత ఇంజన్ కదా, చిక్కటిది పోద్దాం" అంటారు, ఒప్పుకోకు. ఫిల్టర్ తప్పనిసరి. మార్చిన రెండు మూడు వందల కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడుతుంది. డీజిల్‌లో అది మామూలే, మోసం జరిగిందని మేస్త్రీ మీదికి పోకు. మొదటిది మూడు వేలకే తీసేయించు. పాత మడ్డిని కొత్త ఆయిల్ కరిగించి లాక్కొస్తుంది కాబట్టి అది తొందరగా చెడుతుంది. తర్వాత నుంచి కంపెనీ పది వేలు అంటే నువ్వు ఏడెనిమిది వేలకే. ఇంజన్ ఫ్లష్ చేస్తామంటే మాత్రం వద్దను. ఏళ్ళ తరబడి గోడకు అంటుకున్న మడ్డిని ఒక్కసారి ఊడదీస్తే అది పోయి ఆయిల్ పంపు జాలీలో అడ్డం పడుతుంది.

ఆదివారం పూట బండి చదునుగా నిలిపి, ఇంజన్ ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్ చూసుకో. ఎంత తాగుతోందో నీకు తెలియాలి. ఐడ్లింగ్‌లో ఆయిల్ మూత తీసి చూడు. కొంచెం ఆవిరి వస్తే కంగారు లేదు, మూత ఎగిరిపడేలా పొగ తన్నితే బోరు అరిగింది. మూత అడుగున పెరుగు మీగడలాంటిది ఉంటే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నాయేమో చూపించాలి.

కూలెంట్ గురించి హైదరాబాద్ వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. మీ బోరు నీళ్ళు రేడియేటర్‌కు విషం. వెనకటి ఓనరు తగ్గినప్పుడల్లా పంపు నీళ్ళు పోసి ఉంటే లోపలంతా సున్నం కట్టి ఉంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక మూత తీసి రంగు చూడు. తుప్పు రంగులో ఉంటే రేడియేటర్ కడిగించి, థర్మోస్టాట్, పైపులు చూపించి, కొత్త కూలెంట్ పోయించు. వేడి ఇంజన్ మీద ఆ మూత ముట్టుకోకు. ఈ పనిని రోహిణి కార్తె దాకా ఆపకు.

డీజిల్ ఫిల్టర్ కొత్తది వేయించు, అడుగున చేరిన నీళ్ళు తీయడం నేర్చుకో. ట్యాంకు అడుగంటేదాకా నడపకు. పికప్ తగ్గి నల్లపొగ వస్తే ఇంజెక్టర్లు పోయాయని భయపెడతారు. ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపులు చూడమను. పైపు చిట్లి, క్లాంపు వదిలి గాలి పోతున్న బండ్లకు ఇంజెక్టర్లు మార్చేసినవాళ్ళను చాలామందిని చూశాను. నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోంది, అది వేరే ఖర్చు. టర్బో కోసం ఒక్క అలవాటు చేసుకో: హైవే మీద తొక్కి వచ్చి డాబా దగ్గర ఆపగానే తాళం తిప్పేయకు, ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచు.

తాళం ఆన్ చేయగానే చెక్ ఇంజన్ లైటు వెలిగి, స్టార్ట్ చేశాక ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని ఎవరో పీకేశారు. స్కానర్ పెట్టించినప్పుడు తప్పులేమీ లేవంటే సంబరపడకు. అమ్మేముందు కోడ్లు చెరిపేసి ఉంటారు. రెండు వారాలు నడిపి మళ్ళీ పెట్టించు.

లింకు రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఇంజన్ మౌంటింగులు ఈ వయసుకు అరిగే ఉంటాయి. టకటకలు వినపడినా ప్రాణం మీదికి రావు, నెల జీతానికి ఒకటి చొప్పున చేయించుకో. టెఫ్లాన్ కోటింగు, డీకార్బనైజింగు ప్యాకేజీలకు రూపాయి పెట్టకు. కొత్త మ్యూజిక్ సిస్టం అంతకన్నా వద్దు. పాత వైరింగ్ కోసి అతికించిన బండికి వచ్చే రోగాలు ఏ మేస్త్రీకీ అంతుచిక్కవు.

కాగితాల సంగతి నాన్న చూస్తాడులే గానీ, ఇన్సూరెన్స్ నీ పేరుకు మార్చమని 14 రోజుల్లోపు రాసివ్వాలి. పాతాయన నో క్లెయిమ్ బోనస్ నీకు రాదు. రిజిస్ట్రేషన్ మొదటి పదిహేనేళ్ళు 2029తో అయిపోతాయి, అప్పుడు ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. పదేళ్ళు దాటిన డీజిల్ బండి తిరగకూడదన్న ఆంక్షలు ఢిల్లీ చుట్టుపక్కల పెట్టినవి. మన దగ్గర ఆ గొడవ లేదు.

ఒక నోటు పుస్తకం కొని డాష్‌బోర్డు అరలో పెట్టు. తేదీ, రీడింగు, చేసిన పని, వేసిన పార్టు పేరు, ఇచ్చిన డబ్బు. డీజిల్ ట్యాంక్ నిండా కొట్టించిన ప్రతిసారీ లీటర్లు రాసుకో. హైవే మీద లీటరుకు 20 కిలోమీటర్లకు అటూ ఇటూ ఇచ్చే బండి ఉన్నట్టుండి 16కు పడితే, ఇంకే లక్షణమూ కనపడక ముందే ఎక్కడో బ్రేకు పట్టేస్తోందనో, ఇంజెక్టర్ కారుతోందనో ఆ పుస్తకమే చెబుతుంది. పని చేయించిన ప్రతిసారీ మార్చిన పాత సామాను అడిగి తెచ్చుకో. ఇవ్వనంటే ఆ షాపు మార్చు.

దసరాకు బండి వేసుకునే వస్తానన్నావు. బ్రేకులు, ఆయిల్, కూలెంట్ మూడూ అయితేనే బయల్దేరు, లేకపోతే బస్సెక్కు. పంతంగి టోల్ దాటాక టెంపరేచర్ ముల్లు చూడు, సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు కిందికి వంగి చూడు. రెండు చోట్లా అంతా మామూలుగా ఉంటే ఇంటిదాకా వచ్చేస్తావు. విప్పిన పాత ఆయిల్ ఫిల్టర్ పారేయనివ్వకు, కవర్లో చుట్టి తీసుకురా. దాని మడతలు విప్పి ఎండలో చూస్తే ఇనుప రజను ఎంత ఉందో కనపడుతుంది. చైను పని ఇప్పుడు పెట్టుకోవాలా, వచ్చే ఏడాదికి వాయిదా వేయొచ్చా అన్నది అది చూశాక చెబుతాను.

అక్కను, బావను అడిగానని చెప్పు.

మీ మామయ్య