అన్నీ చేస్తనన్న మనుమనికి

కామాఠీపుర, ముంబై



నీ ఉత్తరం మీ నాయనమ్మకు చదివి వినిపించిన. ఓపెనింగ్ చేస్త, కీపింగ్ చేస్త, కావాలంటే ఆఫ్ స్పిన్ గూడ వేస్తనని కోచ్‌కు చెప్పినవట. ఆమె మురిసిపోయింది. నాకు మాత్రం నీ వేళ్లే కండ్ల ముందట మెదిలినయి.

ఎవరి గ్లవ్స్ తొడుగుతున్నవ్? అరువువైతే ఇయ్యాలనే మానెయ్. ఇన్నర్స్ లేకుండ వికెట్ల ఎనక నిలవడకు. వేలు విరిగితే బ్యాటెట్ల పడుతవ్ బిడ్డా? నీ అరచెయ్యి కాయితం మీద గీసి పంపు, ధోబీ తలావ్‌ల నేనే కొంట.

2019 వరల్డ్ కప్ యాదున్నదా? అప్పుడు గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్ సెలెక్టర్లకు పెద్ద. మన రాయుడును పక్కకు పెట్టి, మూడు పనులు వస్తయి, త్రీ డైమెన్షన్ల ఆటగాడని విజయ్ శంకర్‌ను తీసుకున్నరు. త్రీడీ అద్దాలు తెప్పిచ్చుకున్ననని రాయుడు ట్వీట్ పెడితే మా చాల్ అంత నవ్వింది. శంకర్ పాకిస్తాన్ మీద మొదటి బంతికే వికెట్ తీసిండు, కాదనను. కాని మూడు మ్యాచ్‌లకే కాలి బొటనవేలు విరిగి ఇంటికొచ్చిండు. చూసినవా, మళ్ల వేలే!

ద్రావిడ్ సంగతి వేరు. 2003 వరల్డ్ కప్‌ల ఆయన కీపింగ్ చేస్తే కీపర్ పార్థివ్ పటేల్ టోర్నీ అంత బెంచీ మీదనే ఉన్నడు, ఆ జాగల ఇంకో బ్యాట్స్‌మన్ దిగిండు. ఆ కీపింగ్ ఇలువ పట్టిన క్యాచుల కన్న, అట్ల దిగినోని పరుగులల్ల ఎక్కువ ఉన్నది. పైగ, గ్లవ్స్ తియ్యంగనే ఆయన ఎప్పటి ద్రావిడే.

నా సంగతి ఇను. మా మిల్లు టీంల ఎవడు రాకుంటే వాని జాగల నేను. ఒకనాడు బౌలర్ని, ఒకనాడు కీపర్ని. అందరొచ్చిన ఐతారం క్రాస్ మైదాన్‌ల స్కోరు రాసుకుంట కూసునేటోన్ని.

నువ్వు కీపింగ్ చెయ్యొద్దని అంటలేను. కొత్త బంతిని ఆడే నీ ఆట మా అందరికి ఎరుకే, మీ నాయన గూడ ఫోన్ల అదే చెప్పుకుంట కూసుంటడు. ముందుగాల ఓపెనర్‌గ నీ పేరు రాయించుకో. అటెనుక కోచ్‌ను ఒక్కటడుగు: నేను గ్లవ్స్ తొడిగితే ఖాళీ అయ్యే జాగల ఎవర్ని ఆడిస్తరు సార్? ఆయన ఎవరి పేరన్న చెప్తె తొడుగు. నీళ్లు నమిల్తె నాకు రాయి.

ఇట్లు,
మీ తాత