నృత్యరచన: మాట వెనుక మాట

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాలలో నృత్యం నేర్పే ఇళ్ళ గుమ్మాల మీదా, ఉత్సవాల ఆహ్వానపత్రికలలోనూ 'కొరియోగ్రఫీ' అనే మాట తరచు కనిపిస్తుంది. నృత్యాన్ని కూర్చడం అనే అర్థంలో దానిని వాడుతున్నాం. పుట్టినప్పుడు దాని అర్థం అది కాదు.

గ్రీకు భాషలో 'ఖోరెయా' అంటే పాడుతూ చేసే బృందనృత్యం. 'గ్రాఫెయిన్' అంటే వ్రాయడం. దేవతల ఉత్సవాలలో అటువంటి బృందాలు ఆడిపాడేవి. ఈ రెండు పదాల కలయికనే ఫొయ్యే అనే ఫ్రెంచి నాట్యాచార్యుడు 1700లో తన గ్రంథానికి పేరుగా పెట్టాడు. నర్తకుడు సాగే దారిని కాగితంపై గీతగా గీసి, దానిమీద అడుగుల గుర్తులు వేసే లిపి అది. అనగా కొరియోగ్రఫీ మొదట వ్రాత. కూర్పు అనే అర్థం తరువాత వచ్చి చేరింది.

మన 'రచన' ఎదురుదిశలో నడిచింది. సంస్కృతంలో దాని మూలార్థం అమర్చడం, కూర్చడం. స్వామికి పూలమాల కట్టడం కూడా రచనే. తెలుగు వాడుకలో వ్రాయడమనే అర్థం ప్రబలింది. 'నృత్యరచన' అన్నప్పుడు ఆ రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

మన నేలపై నృత్యాన్ని అక్షరబద్ధం చేసిన మహనీయుడు జాయపసేనాని, కాకతీయ గణపతిదేవ చక్రవర్తి గజసైన్యాధిపతి. సుమారు 1254లో సంస్కృతంలో ఆయన రచించిన 'నృత్తరత్నావళి' ఎనిమిది అధ్యాయాలలో మొదటి నాలుగు మార్గ పద్ధతికి, తక్కినవి దేశి పద్ధతికి చెందినవి. పేరణి ఈ రెండవ భాగంలోనిదే. పాలంపేట రామప్ప గుడి శిల్పులు ఈ గ్రంథాన్ని అనుసరించారని కొందరంటారు. గుడి శాసనం 1213 నాటిది. గ్రంథం నలభై ఏళ్ళ తరువాతిది. చూసి ఉంటే జాయపుడే ఆ శిల్పాలను చూసి ఉండాలి!

అయితే శిల్పం ఒక్క భంగిమనే పట్టి నిలుపుతుంది. దానికి ముందేమిటో, తరువాత ఏమిటో చెప్పదు. గ్రంథం కదలికల క్రమం చెబుతుంది గాని, పాదం నేలను తాకే బరువును చెప్పలేదు. ఆడేవారు కరువైన పేరణిని ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ, ఆ శిల్పాలనూ ఆధారం చేసుకొని పేరిణి శివతాండవంగా మళ్ళీ నిలబెట్టారు. 1985 మహాశివరాత్రినాడు రామప్ప గుడి ముంగిట దానిని ఆడించారు. అందులో జాయపుని వ్రాత ఎంతో, రామకృష్ణగారి కూర్పు ఎంతో నేడు విడదీయడం సాధ్యం కాదు. విడదీయనక్కరలేదని కూడా నా అభిప్రాయం.

రామప్పకు వెళ్ళే భక్తులు వెలుపలి మదనికల వద్దే ఆగిపోతారు. రంగమండప స్తంభాలనూ నిదానంగా చూడండి. నర్తకుల పక్కనే మద్దెల వాయించేవారు కూడా ఉన్నారు.