నన్నారి పానీయము

తుంగభద్రానదీ తీరమున, కర్నూలు జిల్లాలో, మంత్రాలయ క్షేత్రము కలదు. శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశము చేసినది ఇచ్చటనే. ఏటేట శ్రావణ బహుళ విదియనాడు ఆరాధనోత్సవము జరుగును. తెలుగు, కన్నడ, తమిళ దేశముల నుండి యాత్రికులు గుంపులు గుంపులుగా వత్తురు. శ్రావణమాసమైనను, మబ్బు తొలగినంతనే ఈ మెట్టసీమలో ఎండ చురుక్కుమనును. దాహముతో వచ్చినవానికి చల్లని నీరిచ్చుట గొప్ప ధర్మమని మన పెద్దలు తలంచిరి. వేసవిలో చలివేంద్రములు పెట్టుటయు, శ్రీరామనవమికి బెల్లము, మిరియాలు, ఏలకులు కలిపిన పానకము పంచుటయు ఈ ధర్మములోనివే.

రాయలసీమలో ప్రసిద్ధి కెక్కిన పానీయము మరియొకటి కలదు. అదియే నన్నారి షర్బత్తు. గ్లాసులో కొంచెము నన్నారి పాకము పోసి, నిమ్మకాయ పిండి, పైన సోడా పోసినచో నురుగు బుసబుస పొంగును. కమ్మని వాసన ముందుగా ముక్కును, పిదప నాలుకను పలుకరించును. ఒక్క గుక్క త్రాగిన బాటసారి "అబ్బ!" అని నిట్టూర్చి సేదదీరును. బాలలారా! ఈ చిన్న గ్లాసులో ఏమేమి ఇమిడి ఉన్నదో తెలిసికొందము.

మొదటిది వేరు. నన్నారినే మనము సుగంధిపాల అందుము. సంస్కృతమున దీనికి శారిబ, అనంతమూలము అని పేర్లు. ఇది సన్నని తీగ. ఆకు త్రుంచిన పాలు కారును. ఆకు నడుమ తెల్లని చారలుండుట కలదు. చూపునకు సామాన్యమైన ఈ తీగ తన సంపదనంతయు నేలలో దాచుకొనును. దాని వేరు మంచి సువాసన కలది. నల్లమల మొదలగు కొండలలో ఇది మొలచును. చెంచులు మొదలైన అడవిబిడ్డలు రాతినేలలో ఎంతో శ్రమించి ఈ వేళ్లను త్రవ్వుదురు.

రెండవది నిమ్మరసము. ఇది పాకపు తీపిని సరిదిద్ది రుచిని నిలుపును. కొందరు నిమ్మకు బదులు మన సీమలో పండు చీనీపండ్ల రసమును చేర్చుదురు. నానిన సబ్జాగింజలు, రెండు పుదీన ఆకులు వేయుటయు కలదు.

మూడవది సోడాలోని వాయువు. దీనిని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు అందురు. 1767లో ఇంగ్లండులోని లీడ్సు నగరమున జోసెఫ్ ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞుడు బీరు కాచు చోట తొట్లపై నిలిచియుండు వాయువును పరిశీలించెను. దానిని నీటిలో కలుపగా ఆ నీరు నాలుకపై చురచురలాడెను. ఆ విధానమును వివరించుచు 1772లో ఆయన ఒక చిన్న గ్రంథమును ప్రకటించెను. మత్తుపానీయపు తొట్టి కడ దొరికిన వాయువే మత్తులేని పానీయమునకు ప్రాణమైనది! పులియబెట్టినప్పుడు వాయువుతోపాటు మద్యసారము కూడ పుట్టును. సోడాలోనో, వాయువును మాత్రమే ఒత్తిడితో నీటిలోనికి ఎక్కింతురు. కావున పిల్లలును పెద్దలును దీనిని నిశ్చింతగా త్రాగవచ్చును.

నీరు చల్లగా ఉన్నకొలది వాయువు ఎక్కువగా కరగును. మూత తీయగానే ఒత్తిడి తగ్గి, కరగిన వాయువు బుడగలై వెలికి వచ్చును. ఈ ఒత్తిడిని బంధించుటకే హైరమ్ కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో గోలీసీసాను రూపొందించెను. లోపలి వాయువే గోలీని మెడలోని రబ్బరు చుట్టునకు అదిమి పట్టును. మూతను లోపలి వస్తువే మూసికొనుట ఎంత చమత్కారము!

ఇక చేయు విధానము. 100 గ్రాముల ఎండు వేళ్లను మన్ను పోవునట్లు కడిగి, దంచి, నడిమి పుల్లను తీసివేయవలెను. పైబెరడును ఒక లీటరు మరుగు నీటిలో వేసి, మూతపెట్టి, రాత్రియంతయు నాననీయవలెను. వేరును ఎక్కువసేపు ఉడికించినచో సువాసన ఆవిరితో పోవును. మరునాడు వడగట్టి, కిలో చక్కెర వేసి, లేతపాకము వచ్చువరకు కాచి, చల్లారిన పిదప నాలుగు నిమ్మకాయల రసము కలిపి సీసాలో నిలువ చేయవలెను. గ్లాసునకు రెండు పెద్ద చెంచాల పాకము, అర నిమ్మచెక్క రసము, చిటికెడు ఉప్పు చాలును. సోడాను అన్నిటికంటె చివరను, మెల్లగా పోయవలెను.

నేను తుంగభద్రా తీరమున ఒక పల్లెలో ఉపాధ్యాయుడనై యున్న కాలమున, ఆరాధనకు వచ్చు యాత్రికులకు ఈ పానీయమును పంచవలెనని మా విద్యార్థులు సంకల్పించిరి. వేళ్లు కొనుటకు డబ్బు చాలలేదు. కొందరు బాలురు గుట్టకు పోయి ఒక్కపూటలో గోనెసంచి నిండ వేళ్లు పెరికి తెచ్చిరి. నేను వారి ఉత్సాహమును మెచ్చుకొంటిని. అప్పుడు వేళ్లు అమ్ముకొని జీవించు ఒక ముసలమ్మ ఆ దారిని వచ్చెను. సంచిలోనికి తొంగిచూచి, "అయ్యవారూ, పిల్లోళ్లు మొదలంటా పెరికినారే! వచ్చే యేడు ఏం తాగుతారు? నేనేం తిని బతకాల?" అనెను.

నేను బదులు చెప్పలేకపోతిని. తప్పు పిల్లలది కాదు, నాదే. దాహము తీర్చు పుణ్యమును గూర్చి చెప్పితిని గాని, వేరును కాపాడు ధర్మమును చెప్పనైతిని.

మరునాడు ఆమెయే బాలురను వెంటబెట్టుకొని గుట్ట ఎక్కెను. తీగకు ఒకవైపుననే త్రవ్వవలెననియు, మొదలును కొన్ని వేళ్లను నేలలోనే ఉంచి మన్ను కప్పవలెననియు, అట్లు చేసిన వానలకు మరల చిగిర్చుననియు చూపెను. తొలకరికి మా పిల్లలు వేరు ముక్కలను బడి కంచె ప్రక్కన నాటిరి. కొన్ని ఎండిపోయెను, కొన్ని కంచె నల్లుకొనెను. వేళ్లు లావెక్కుటకు మూడేండ్లు పట్టెను. నాటిన బాలురు అప్పటికి బడి విడిచి పోయిరి. వారి తమ్ములు ఆ వేళ్లతో పాకము కాచి యాత్రికులకు పంచిరి. తొలి గ్లాసును ఆ ముసలమ్మకు ఇచ్చిరి.

నేడు రంగును, కృత్రిమ సువాసనను కలిపిన చక్కెరపాకము అంగళ్లలో సులభముగా దొరకును. అది గడియలో తయారగును. నిజమైన నన్నారికి ఏండ్లు కావలెను. కావున బాలలారా, పండుగనాడు చల్లని గ్లాసు చేతికి వచ్చినప్పుడు, బుడగలు అణగులోపల ఒక్క క్షణము ఆ వేరును, దానిని త్రవ్విన చేతిని తలచుకొనుడు. ఇచ్చట త్రాగినది అచ్చట మరల మొలచునట్లు చూచుటయే మన పని.

ప్రశ్నలు

1. సోడాసీసా మూత తీసినప్పుడు బుడగలు ఏల వచ్చును?
2. పులియబెట్టిన పానీయమునకును సోడాకును గల భేదమేమి?
3. ముసలమ్మ మాటలకు ఉపాధ్యాయుడు ఏల బదులు చెప్పలేకపోయెను?
4. మీ ఊరిలో పండుగలకు చేయు పానీయము నొకదానిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.