బ్యాడ్జీ నొక్కితే ఏం కనిపిస్తుంది?

మండపేటలో డిగ్రీయో బీటెక్కో పూర్తిచేసినవాళ్లు ఇంటర్వ్యూకి బయల్దేరారంటే చేతిలో ప్లాస్టిక్ ఫైలు ఉండాల్సిందే. టెన్త్ మెమో మొదలు ప్రొవిజనల్ దాకా ఒరిజినల్స్, వాటి వెనకాల జిరాక్సులు, అట్టడుగున ఆన్‌లైన్ కోర్సుల కలర్ ప్రింటవుట్లు. తమాషా ఏమిటంటే, ముచ్చటపడి లామినేషన్ చేయించిన ఆ కలర్ ప్రింటవుట్లకే హైదరాబాద్ హెచ్‌ఆర్ దగ్గర విలువ తక్కువ. ఫొటోషాప్ వచ్చినవాడు పేరు మార్చి అలాంటి కాగితం పది నిమిషాల్లో దించగలడని వాళ్లకి తెలుసు. డబ్బులిస్తే ఫేక్ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఇచ్చే కన్సల్టెన్సీలు తెలుగువాళ్లకి కొత్త కాదు, కంపెనీలకీ కొత్త కాదు. ఉద్యోగుల వివరాలు సరిచూసుకోడానికి ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ 2006లోనే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ తెచ్చింది.

డిజిటల్ బ్యాడ్జీ పుట్టింది ఈ నమ్మకం సమస్య దగ్గరే. చూడ్డానికి చిన్న రంగుల బొమ్మ. నొక్కితే ఇచ్చిన సంస్థ సైటులోనో, దాని తరఫున బ్యాడ్జీలు నిర్వహించే క్రెడ్లీ లాంటి సైటులోనో ఒక పేజీ తెరుచుకుంటుంది. ఎవరికిచ్చారు, ఎవరిచ్చారు, ఏ తేదీన, ఏం చేసినందుకు, గడువు ఎప్పటిదాకా... అన్నీ అక్కడే ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా 2011లో మెకార్థర్ ఫౌండేషన్ సాయంతో దీనికి ఓపెన్ బ్యాడ్జెస్ అనే ఉమ్మడి పద్ధతి మొదలుపెట్టింది. ఇప్పుడు దాన్ని వన్‌ఎడ్‌టెక్ అనే సంస్థ చూస్తోంది. కొవిడ్ టీకా సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కోవిన్ సైటు అసలో నకిలీనో చెప్పేసేది కదా, ఇక్కడా సూత్రం అదే. కాగితాన్ని కాదు, ఇచ్చినవాళ్ల రికార్డునే చూస్తారు.

ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకి ఇవి దూరపు సంగతులేం కావు. రాష్ట్ర ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి 1.62 లక్షల మందికి 40 రకాల సర్టిఫికేషన్ కోర్సుల్లో శిక్షణ చేపట్టి, 2022 ఆగస్టులో విశాఖపట్నంలో సర్టిఫికెట్లు పంచింది. 2024 ఫిబ్రవరిలో ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ కోర్సుల సంస్థ ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకుంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏఐసీటీఈ, ఎడ్యుస్కిల్స్ వర్చువల్ ఇంటర్న్‌షిప్‌ల పుణ్యమా అని అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ అకాడమీ బ్యాడ్జీ లేని లింక్డిన్ ప్రొఫైల్ కనిపించడం తగ్గిపోయింది.

ఎక్కువమంది దొరికిపోయేదీ సరిగ్గా ఈ బ్యాడ్జీ దగ్గరే. ‘ఏడబ్ల్యూఎస్ అకాడమీ గ్రాడ్యుయేట్’ అంటే కోర్సు పూర్తిచేసి, అందులోని ల్యాబ్‌లూ పరీక్షలూ అయిందనిపించారని అర్థం. ‘ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్ క్లౌడ్ ప్రాక్టీషనర్’ వేరు. దానికి 100 డాలర్లు కట్టి, పియర్సన్ వ్యూ కేంద్రంలోనో ఇంట్లో కెమెరా నిఘాలోనో కూర్చుని, 90 నిమిషాల్లో 65 ప్రశ్నలకి జవాబులు పెట్టి, 1000కి 700 తెచ్చుకోవాలి. మొదటిది చేతిలో పెట్టుకుని రెజ్యూమెలో ‘ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్’ అని రాసేవాళ్లకి కొదవలేదు. కొందరు తేడా తెలియక, కొందరు తెలిసే. కాగితాల రోజుల్లో ఇది నడిచిపోయేదేమో. ఇప్పుడు లింకు నొక్కగానే బ్యాడ్జీ తనే నిజం చెప్పేస్తుంది, చెప్పాక మిగతా రెజ్యూమెని ఎవరు నమ్ముతారు? అకాడమీ బ్యాడ్జీని అకాడమీ బ్యాడ్జీగానే రాసుకుంటే ఫ్రెషర్‌కి అదేం చిన్నతనం కాదు. ఆ ల్యాబ్‌లో సొంతంగా కట్టిన చిన్న ప్రాజెక్టు గిట్‌హబ్ లింకు దాని పక్కనే ఇస్తే ఇంటర్వ్యూలో మాట్లాడుకోడానికి సరుకూ దొరుకుతుంది.

ఇక పేరు గొడవ మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొట్టి అక్షరం, లింక్డిన్‌లో ఇంటిపేరు ఊసే ఉండదు. కోర్సుకి రిజిస్టర్ అయ్యేటప్పుడు హడావిడిగా ‘సాయి’ అని కొట్టేస్తే బ్యాడ్జీ మీదా అదే పడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆ సాయి ఈ సాయేనని రుజువు చేసుకోడం పెద్ద తలనొప్పి. మొదటి రోజే మెమోలో ఉన్నట్టు పేరు ఇవ్వడం మంచిది. ఈమెయిల్ విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. చాలామంది కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో కోర్సులు చేస్తారు. చదువయ్యాక కాలేజీ ఆ మెయిల్ మూసేస్తే, దానికి తగిలించిన బ్యాడ్జీల ఖాతాలోకి వెళ్లడమే కష్టమైపోతుంది. క్రెడ్లీలో ఒకే ఖాతాకి రెండో మెయిల్ కలుపుకునే వీలుంది. ఫైనలియర్లో ఉండగానే సొంత మెయిల్ చేర్చేసుకోవాలి.

లింకులు కూడా శాశ్వతం కావు. మైక్రోసాఫ్ట్ 2023లో క్రెడ్లీని వదిలేసి సర్టిఫికేషన్ల వివరాలన్నీ తన సొంత లెర్న్ ప్రొఫైల్‌లోకి మార్చుకుంది. పాత రెజ్యూమెలో అంతకు ముందటి లింకు పెట్టినవాళ్లు ఒకసారి నొక్కి చూసుకోవాలి. అసలు ఏ లింకైనా పంపేముందు ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడాలి. మన ఫోన్‌లో లాగిన్ అయి ఉంటాం కాబట్టి కనిపిస్తుంది, బ్యాడ్జీ ప్రైవేట్‌లో ఉంటే హెచ్‌ఆర్‌కి ఖాళీ పేజీయే.

డిగ్రీలు, మెమోలకి దారి వేరు. 2015లో వచ్చిన డిజీలాకర్‌లో బోర్డులూ యూనివర్సిటీలూ నేరుగా జారీచేసిన పత్రాలకి చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. ఫోన్‌లో ఫొటో తీసి మనం ఎక్కించుకున్న కాపీకి ఆ విలువ రాదు.

అన్ని ఉద్యోగాలకీ బ్యాడ్జీ కావాలా అంటే, అక్కర్లేదు. మండపేట రైస్‌మిల్లులోనో కోళ్లఫారం ఆఫీసులోనో అకౌంట్స్ మనిషి కావాలంటే యజమాని లింకులు అడగడు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ట్యాలీలో నాలుగు ఎంట్రీలు వెయ్యమంటాడు. నిజానికి అంతకు మించిన వెరిఫికేషన్ లేదు. ఊరు దాటి, ముఖం చూడని కంపెనీకి అప్లై చేసేటప్పుడే బ్యాడ్జీకి పని.

అక్కడా ముప్ఫై బ్యాడ్జీలు వరసగా పేర్చినంత మాత్రాన లాభం లేదు. గంట వెబినార్‌కి హాజరైనందుకు ఇచ్చినవీ, వీడియో చివరిదాకా లాగినందుకు ఇచ్చినవీ తీసేస్తే మిగిలే మూడో నాలుగో చాలు. డాలర్లు పెట్టలేనివాళ్లకి ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్ మంచి దారి. జనవరిలో, జూలైలో మొదలయ్యే కోర్సులు ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే 1000 రూపాయలు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 తెచ్చుకుంటేనే సర్టిఫికెట్ వస్తుంది. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, మార్కులూ ఉంటాయి.