తలనొప్పి: గోళీకి ముందు కారణం



అడవి అంచు గ్రామాలకు వెళ్ళినప్పుడు తలకు గుడ్డ బిగించుకుని అరుగుమీద పడుకున్నవారు కనిపిస్తుంటారు. ఏమైందని అడిగితే, "ఏం లేదు ఫాదర్, తలనొప్పే" అంటారు. కాని తలనొప్పులన్నీ ఒకటి కావు.

మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు. దాని చుట్టూ ఉన్న పొరలు, రక్తనాళాలు, తల, మెడ కండరాలు నొప్పిని తెలుపుతాయి.

ఎక్కువమందికి వచ్చేది ఒత్తిడి తలనొప్పి. తలచుట్టూ పట్టీ బిగించినట్లు రెండు వైపులా ఉంటుంది. నిద్రలేమి, అప్పుల దిగులు, రోజంతా మెడ వంచి మిరపకాయలు ఏరడం దీనికి కారణాలు. విశ్రాంతితో తగ్గుతుంది.

రెండవది పార్శ్వపు నొప్పి. తరచుగా ఒకవైపే పోటు పెడుతుంది. వాంతి వస్తుంది, వెలుతురు, చప్పుడు సహించవు. 4 నుండి 72 గంటల వరకు ఉండవచ్చు. ఇది స్త్రీలలో ఎక్కువ. చీకటి గదిలో పడుకున్న కోడలు పని తప్పించుకుంటున్నదని నిందించకండి.

ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోతకు వెళ్ళినవారికి ఎండవల్ల, ఒంట్లో నీరు తగ్గడంవల్ల తల నొస్తుంది. జలుబు ముదిరినా, పిల్లలకు కంటిచూపు తగ్గినా రావచ్చు. నెలలో 15 రోజులు, అంతకు మించి నొప్పి గోళీలు మింగుతూ పోతే ఆ గోళీలే తలనొప్పి తెస్తాయి.

ఇక మన ప్రాంతంలో మరువరానిది జ్వరంతో వచ్చే తలనొప్పి. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టులో, మన సికింద్రాబాదులోనే. భద్రాచలం ఏజెన్సీలో ఆ జబ్బు మునుపటికన్నా తగ్గినా పూర్తిగా పోలేదు. అందులో ఫాల్సిపారం అనే రకం మెదడుకెక్కితే ఫిట్స్, స్పృహ తప్పడం, చివరకు మరణం కూడా సంభవించవచ్చు. గోళీ జ్వరాన్ని కొన్ని గంటలు అణచగలదే కాని క్రిమిని చంపలేదు. కనుక చలి, జ్వరం, తలనొప్పి కలిసి వస్తే ఆ రోజే ఆశా కార్యకర్త వద్దనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో రక్తపరీక్ష చేయించండి. వేలినుండి తీసే ఒక్క చుక్క చాలు.

మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, కాలూ చెయ్యీ పట్టు తప్పినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా, ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఇకమీదట ఇంట్లో ఎవరైనా "తలనొప్పే" అంటే, ముందు నుదుటిమీద చెయ్యి పెట్టి చూడండి.