పాత కారు ముందు సస్పెన్షన్: చేయవలసినవి, చేయకూడనివి

పదేళ్లు దాటిన ఆల్టో, వ్యాగన్‌ఆర్, శాంట్రో లాంటి చిన్న కారు కొనబోయేవారికీ, ఇప్పటికే నడుపుతున్నవారికీ ఈ సూచనలు. ఈ కార్లన్నిటికీ ముందు చక్రాల దగ్గర మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరికే ఉంటుంది: పైన స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన స్ట్రట్, కింద లోయర్ ఆర్మ్, ఆర్మ్ చివర చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్. చప్పుడును బట్టి ప్రమాదాన్ని అంచనా వేయకండి. స్టెబిలైజర్ లింక్ రాడ్ ఎంత మోగినా చక్రం ఊడదు. బాల్ జాయింట్ పెద్దగా మోగకుండానే ఊడి, చక్రం పక్కకు మడత పడిపోవచ్చు.

చేయవలసినవి

• పగటి వెలుతురులోనే చూడండి.

• ముందు టైర్లలో గాలి సరిచేయించండి. డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న లెక్కనే పాటించండి.

• చదునైన నేల మీద కారు ఆపి, ఎదురుగా నిలబడి చూడండి. ఒక పక్కకు వాలి ఉంటే స్ప్రింగు కుంగిందని గానీ విరిగిందని గానీ అనుమానించండి.

• చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచి, రెండు పక్కలా పోల్చండి.

• స్ప్రింగు అడుగు చుట్టును టార్చిలైటు వేసి చూడండి. అది ఎక్కువగా అక్కడే విరుగుతుంది, విరిగిన ముక్క టైరును కోయగలదు.

• స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించి ఉంటే ఎందుకు పెట్టారో అడగండి. కుంగిన స్ప్రింగును అవి దాచేస్తాయి.

• టైరు లోపలి అంచును కూడా చూడండి, స్టీరింగు పూర్తిగా తిప్పితే అది కనిపిస్తుంది. ఒక అంచే అరిగితే అలైన్‌మెంట్ తప్పింది, గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్జార్బరు బలహీనపడింది.

• స్ట్రట్ గొట్టం మీద నూనె ధారలు ఉన్నాయేమో చూడండి. పలచని దుమ్ము జిడ్డు మామూలే, కారిన చారలు ఉంటే మార్పించాల్సిందే.

• బానెట్ మూల మీద గట్టిగా నొక్కి వదలండి. రెండోసారి మించి ఊగితే షాక్ అబ్జార్బరు పనైపోయినట్టే. ఊగకపోయినంత మాత్రాన బాగుందని తేల్చేయకండి, ఈ పరీక్షకు పూర్తిగా చచ్చినవే దొరుకుతాయి.

• చక్రం ఎత్తే ముందు హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టండి.

• చక్రం విప్పాల్సి వస్తేనే, వీల్ నట్లను అది నేల మీద ఉండగానే కాస్త వదులు చేయండి.

• జాకీతో ఎత్తాక స్టాండు పెట్టి, బరువు దాని మీదకు దించండి. చక్రం తీస్తే దాన్ని గుమ్మం కిందకు తోసి ఉంచండి, స్టాండు జారినా అది ఆపుతుంది.

• గాలిలో ఉన్న చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెలుండే చోట పట్టుకొని లోపలికీ బయటికీ ఆడించండి.

• ఆడితే, ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఆడించండి; ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్ లేదా స్ట్రట్.

• లోయర్ ఆర్మ్ కింద పొడవాటి లీవరు పెట్టి పైకి తోసి చూడండి. బాల్ జాయింట్ దగ్గర వేలికి తెలిసేంత కదలిక ఉన్నా దాన్ని మార్పించండి.

• 9, 3 అంకెల చోట పట్టుకొని ఆడించండి. ఇక్కడ మాత్రమే ఆడితే టై రాడ్ ఎండును గానీ స్టీరింగు ర్యాకును గానీ అనుమానించండి.

• జాయింట్ల రబ్బరు బూట్లు చూడండి. ఒక్కసారి చిరిగితే నీళ్లు, ఇసుక చేరి జాయింటును తినేస్తాయి.

• విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో తిరిగిన కారుకు ఆర్మ్‌ల మీద, స్ట్రట్ పైభాగం బిగించిన చోట తుప్పును ప్రత్యేకంగా వెతకండి.

• విజయవాడ కారైతే 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిందేమో అడగండి. లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌ల సందుల్లో ఎండిన బురద ఉంటే సమాధానం దొరికినట్టే.

• అద్దాలు దించి, ఏసీ, పాటలు ఆపి, ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నడపండి. చిన్న గతుకుల మీద లొడలొడ అంటే లింక్ రాడ్, బుష్‌లు. మలుపులో టకటకమంటే యాక్సిల్ జాయింట్. వేగంతో పాటు పెరిగే గుయ్యిమనే హోరైతే బేరింగ్.

• షాక్ అబ్జార్బర్లను జతగానే మార్పించండి.

• టై రాడ్ ఎండు, లోయర్ ఆర్మ్, స్ట్రట్ వీటిలో ఏది మార్చినా అలైన్‌మెంట్ చేయించండి.

చేయకూడనివి

• జాకీ మీద మాత్రమే ఆగి ఉన్న కారు కిందకు వెళ్లకండి. చేయి కూడా పెట్టకండి. ఒక్క నిమిషమే కదా అనుకోకండి.

• జాకీ స్టాండుకు బదులు ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టకండి; అవి హెచ్చరిక లేకుండా పగులుతాయి.

• మెత్తని మట్టి మీద, వాలు మీద జాకీ వేయకండి.

• స్ట్రట్ పైన, బానెట్ లోపల నడిమధ్య కనిపించే పెద్ద నట్టును విప్పకండి; కంప్రెసర్‌తో అదమని స్ప్రింగు ప్రాణం తీసేంత బలంతో ఎగురుతుంది.

• స్ప్రింగు చుట్ల మధ్య వేళ్లు పెట్టకండి.

• తీగలు తేలిన టైరును చేత్తో నిమరకండి.

• నడుస్తున్న కారులో పక్కకు లాగుతోందో లేదో చూడటానికి స్టీరింగు పూర్తిగా వదిలేయకండి.

• అడుగు భాగానికి కొత్తగా నల్లరంగు పూసిన కారును చూసి మురిసిపోకండి. పగుళ్లు, తుప్పు ఆ రంగు కిందే ఉండవచ్చు.

• అమ్మేవారి మెకానిక్ మాటే తుది మాటగా తీసుకోకండి. వేరే షెడ్డులో కారు ఎత్తించి చూపించండి. ఒప్పుకోకపోతే బేరం వదులుకోండి.

• జాయింట్లు వదులుగా ఉండగా అలైన్‌మెంట్ చేయించకండి, డబ్బు దండగ.

• బాల్ జాయింట్‌కు వెల్డింగ్ పెట్టించకండి. ఎవరు ఎంత తక్కువకు చేస్తామన్నా వద్దనండి.

• చక్రాలు గాలిలో వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను చివరి బిగింపు బిగించనివ్వకండి. కారు నేల మీదకు దించగానే బుష్ రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది.

• విప్పిన స్ప్లిట్ పిన్నును మళ్లీ వాడనివ్వకండి.

• చక్రం విప్పి బిగించాక 50 కిలోమీటర్లు తిరిగి, నట్లు మరోసారి బిగించకుండా హైవే ఎక్కకండి.

• బాల్ జాయింట్ ఆడుతోందని తేలాక ఆ కారును షెడ్డు దాకా కూడా నడపకండి. టోయింగ్ బండిని పిలవండి.