ట్రాన్స్‌ఫర్ బాక్స్ ఎంపిక

కొండదారులలోను, బురదనేలలలోను తిరుగవలసిన వాహనానికి నాలుగు చక్రాలూ చోదక చక్రాలే కావాలి. ఇంజను నుండి గేర్‌బాక్స్ ద్వారా వచ్చే శక్తిని ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ పంచియిచ్చే పెట్టెను ట్రాన్స్‌ఫర్ బాక్స్ అంటారు. మహీంద్రా సంస్థ మన దేశంలో బిగించి అమ్మిన జీపును ఎరుగని పల్లె లేదు. అందులో గేర్ లివరు ప్రక్కనుండే చిన్న లివర్లు ఈ పెట్టెకు సంబంధించినవే.

మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటె ఎక్కువ దూరం తిరుగుతాయి. పాత జీపులో రెండు ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ లేదు. కాబట్టి తారురోడ్డు మీద నాలుగు చక్రాలకూ శక్తినిస్తే షాఫ్టులు మెలిపడి, పళ్ళ చక్రాలు విరిగే ప్రమాదముంది. అందుకే గట్టినేలపై ముందు ఇరుసును విడదీస్తారు. ఇంగ్లండులోని రోవర్ సంస్థ 1970లో రేంజ్ రోవర్‌కు నడుమ డిఫరెన్షియల్ అమర్చి ఈ చిక్కును తీర్చింది. బురదలో దానిని బిగించివేయడానికి వేరే ఏర్పాటున్నది. 1983లో వచ్చిన ఎల్‌టి 230 అనే పెట్టె అదే మార్గంలోనిది. 2016లో పాత డిఫెండర్ ఉత్పత్తి ముగిసేవరకు కొనసాగింది.

పాత లాండ్ రోవర్‌ను విప్పి తిరిగి కట్టుకొనేవారికి ఎక్కువగా దొరికేది ఈ పెట్టెయే. అయితే పైకి ఒకేలా కనిపించే పెట్టెలలో హై నిష్పత్తులు వేరు. డిఫెండర్‌లో సాధారణంగా 1.41, డిస్కవరీలో 1.22. ఒకే వేగంలో మొదటి దానితో ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరిగితే, రెండవ దానితో సుమారు 2600 సార్లు తిరిగితే చాలు. చప్పుడు తగ్గుతుంది, ఇంధనం కొంత మిగులుతుంది. ఇది విని తొందరపడరాదు. టైర్ల వ్యాసాన్ని పదిశాతం పెంచితే 1.41 పెట్టెయే 1.28 వలె పనిచేస్తుంది. దానిపై 1.22 కూడ బిగిస్తే ఫలితం 1.11, బలహీనమైన ఇంజను బరువుతో ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. కనుక టైర్లు ముందు, పెట్టె తరువాత నిర్ణయించుకోవాలి.

లో నిష్పత్తి మాత్రం రెండింటిలోను 3.32. అంటే బండరాళ్ళపై ప్రాకే శక్తిలో తేడా ఏమీ లేదు! ఈ సంగతి మరచి గంటలకొద్దీ వాదించుకొనేవారున్నారు.

అమ్మేవాని మాటకంటె లెక్క నమ్మదగినది. హైలో ఉంచి, నడుమ డిఫరెన్షియల్‌ను బిగించి, లోపలికి వచ్చే గేరును త్రిప్పుతూ బయటి షాఫ్టు పది చుట్లు తిరిగేవరకు లెక్కించండి. పదునాలుగు చుట్లు పడితే 1.41, పన్నెండు పైచిలుకైతే 1.22. ఆ లోపలి గేరు పళ్ళకాడలు అరిగినవేమో వేలితో తడిమి చూడాలి. పాత గేర్లలో అక్కడికి నూనె సరిగా అందక, గేర్‌బాక్స్ షాఫ్టు కూడ అరిగిపోతుంది. నడుమ షాఫ్టు చివర నూనె కారుతున్నదా అన్నది రెండవ పరీక్ష. గొలుసుతో నడిచే బోర్గ్ వార్నర్ పెట్టె తరువాతి రేంజ్ రోవర్లలో ఉన్నది. అందులోని ద్రవబంధం బిగిసిపోతే పాత జీపు కష్టమే తిరిగి వస్తుంది. పునర్నిర్మాణానికి నేనైతే దానిని కోరను.

ఇక ప్రాణాలకు సంబంధించిన విషయం ఒకటి. ఈ వాహనాలలో హ్యాండ్ బ్రేక్ చక్రాల వద్ద లేదు, ట్రాన్స్‌ఫర్ బాక్స్ వెనుక ఉన్న డ్రమ్ముపై పనిచేస్తుంది. పెట్టెను విప్పితే బ్రేకూ పోయినట్లే. వెనుక చక్రమొకటి జాకీపై లేచినా, నడుమ డిఫరెన్షియల్ బిగించి లేకపోతే బండి దొర్లిపోగలదు. విప్పబోయేముందు సమతలమైన నేల చూచుకొని, చక్రాలన్నింటికీ ఇరువైపులా దిమ్మలు పెట్టి, ఆ తరువాతనే మనిషి క్రిందికి దూరవలెను.